మెసేజీ పెట్టెకు మార్కులు

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు హెడ్డాఫీసు నాకొక పని అప్పగించింది. ఒక మెసేజీ పెట్టె పనికొస్తుందో రాదో చూసి దానికి మార్కులు వేయాలి.

అప్పట్లో నేను కర్నూలులో ఒక విత్తనాల కంపెనీ ప్రాంతీయ కార్యాలయంలో కంప్యూటర్ అసిస్టెంటుని. ఆఫీసంటే రెండు గదులు, ఒక వరండా, వరండాలో నీళ్ళకుండ. మా కింద కోడుమూరు, పత్తికొండ, కడప గోడౌన్లు ఉండేవి. వేరుశనగ, శనగ, ఆముదం, పొద్దుతిరుగుడు, టమోటా విత్తనాలు ఏ గోడౌన్ నుంచి ఎక్కడికి ఎన్ని పోవాలో మా ఆఫీసే చెప్పేది. అంతకు ముందు ఏడాది హెడ్డాఫీసు వాళ్ళు అన్ని చోట్లా ఒక సాఫ్ట్‌వేర్ పెట్టించారు. సెలవు చీటీలు, సరుకు వివరాలు, సర్క్యులర్లు అన్నీ అందులోనే ఉండాలని నియమం. మా దగ్గర అవి అందులోనూ ఉండేవి, కాగితం మీదా ఉండేవి. రెండింటికీ పొంతన కుదరకపోతే కాగితాన్నే నమ్మేవాళ్ళం.

ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇప్పుడు కొత్తగా మెసేజీల సదుపాయం చేర్చారు. అందరికీ ఇచ్చే ముందు రాష్ట్రంలో నాలుగు ప్రాంతాల్లో ఆరు వారాలు వాడి చూడాలట. ఆ నాలుగింట్లో కర్నూలు ఒకటి. మనల్నే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే మా మేనేజరు, ఆయనది కోస్తా, మర్యాదగా చెప్పారు.

"మన దగ్గర్నుంచి ఫిర్యాదులు తక్కువ వెళ్తాయండీ. అందుకని."

"ఫిర్యాదు పెట్టాలంటే ముందు దాన్ని తెరవాల గదా సార్" అన్నారు డిస్పాచ్ సూపరింటెండెంటు.

ఉత్తరంతో పాటు ఇరవై రెండు ప్రశ్నల ఫారం వచ్చింది. ప్రశ్నకు అయిదు మార్కులు. మెసేజీ పంపడం సులభంగా ఉందా, పెట్టె రంగు కంటికి హాయిగా ఉందా, ఇట్లా. ఆఫీసులో కంప్యూటర్‌కు భయపడనిది నేనొక్కదాన్నే కాబట్టి ఆ ఫారం నా బల్ల మీదకు వచ్చింది.

మెసేజీ పెట్టె తెర మీద కుడివైపు మూలన ఉండేది. అందులో మా అందరి పేర్లు. మనిషి కంప్యూటర్ ముందు ఉంటే పేరు పక్కన పచ్చచుక్క. పది నిమిషాలు దేన్నీ ముట్టుకోకపోతే అది బూడిదరంగుకు మారి, పక్కన "లేరు" అని వచ్చేది. పంపిన మెసేజీని అవతలివాళ్ళు ఎన్ని గంటలకు చూశారో కూడా కింద పడేది.

సూపరింటెండెంటుకు యాభై ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళుగా డిస్పాచ్ ఆయనదే. పనంతా ఫోను మీదే. ఆయన గొంతు ఎట్లాంటిదంటే, కోడుమూరుతో మాట్లాడటానికి ఆయనకు ఫోను అవసరం లేదని మేనేజరు అనేవారు. ఆయన బల్ల మీద కంప్యూటర్‌కు ఇంటావిడ కుట్టిన పూల గుడ్డ కప్పి ఉండేది. నేను గుడ్డ తీసి, పెట్టె తెరిచి చూపించాను. కాసేపటికి ఆయన నన్ను పిలిచారు.

"ఏమ్మా, నేను ఈడ కూచోనుంటే ఇది నన్ను లేడంటాదేంది?"

"కంప్యూటర్ ముట్టుకోకుంటే అట్లే చూపిస్తుంది సార్."

"ముప్పై ఏండ్లుగా ఈ కుర్చీలోనే ఉండా. దాన్ని ముట్టుకుంటేనే నేను ఉండేటట్టా?"

ఎదుటివారు అందుబాటులో ఉన్నదీ లేనిదీ సరిగా తెలుస్తోందా అన్నది నాలుగో ప్రశ్న. దానికి రెండు మార్కులు వేశాను. ఆయన గుడ్డ మళ్ళీ కప్పేశారు.

మొదటి వారం మేనేజరు ఉత్సాహంగా వాడారు. ఆయన గది నా కుర్చీకి ఆరడుగుల దూరం. "ఒకసారి రండి" అని మెసేజీ పెట్టి, నేను చూసేలోపలే లేచి తలుపు దగ్గరకు వచ్చి, "మెసేజీ చూశారా అండీ?" అని అడిగేవారు. కడప గోడౌన్ వాళ్ళు రోజూ పొద్దున గులాబీ పువ్వు బొమ్మ, దాని కింద శుభోదయం పంపేవాళ్ళు. అసలు పని ఉంటే ఫోను చేసేవాళ్ళు. పువ్వు అందిందో లేదో కనుక్కోడానికి కూడా ఫోనే.

కోడుమూరు ఇన్‌ఛార్జి ఒక్క మెసేజీ కూడా తెరవలేదు. నాలుగో రోజు ఫోను చేశాడు.

"మేడం, ఏందో మెసేజీ పెట్టినారంట గదా. ఏం పెట్టినారు?"

"వచ్చినట్టు తెలిసినప్పుడు తెరిచి చూడొచ్చు కదండీ."

"తెరిస్తే కింద చూసిన టైము పడతాంది మేడం. చూసినాక జెయ్యలేదంటే మాటొస్తాది. చూడకముందరే మీరు చెప్పేస్తే, చేసి, అప్పుడు చూస్తా."

ఇది ఎన్నో ప్రశ్న కింద రాయాలో తెలియక కొన్నాళ్ళు విడిగా కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

ఇక పత్తికొండ. అక్కడి గోడౌన్ ఇన్‌ఛార్జికి నలభై అయిదేళ్ళుంటాయి. నేను అప్పటికి ఆయన్ని చూడలేదు కానీ ఆయన సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరైనా చెప్పిన పని తప్పుగా చేస్తే మా దగ్గర "పత్తికొండ పని" అనేవాళ్ళు. ఫోనులో ఆయన ఏ మాటకైనా "సరే సార్" అనేవాడు. ఎన్ని బస్తాలున్నాయని అడిగినా సరే సార్. లారీ ఎప్పుడు బయల్దేరిందంటే కూడా సరే సార్. ఆ ముందటేడు కోడుమూరుకు నూరు బస్తాల వేరుశనగ పంపమని సూపరింటెండెంటు ఫోను చేస్తే ఆరు బస్తాలు పంపాడు. లారీ బాడుగ ఆరు బస్తాలకూ ఒకటే, నూటికీ ఒకటే. రైతులు గోడౌన్ ముందు కూర్చున్నారు. సూపరింటెండెంటు ఫోనులో అరిచిన అరుపులకు పక్క ఇన్సూరెన్సు ఆఫీసు వాళ్ళు వచ్చి చూసిపోయారు.

"నూరప్పా నూరు! ఆరు గాదు! ఇనపడ్తాందా? నీ తలకాయలో ఏముండాదప్పా?"

"సరే సార్."

సంజాయిషీ రాయమంటే ఒక్క వాక్యం రాసి పంపాడు. పొరపాటు జరిగింది, ఇక జరగదు. జరిగింది. ఇంకో రెండు సార్లు.

మెసేజీ పెట్టె వచ్చిన రోజు నేను మూడు గోడౌన్లకూ ఒకే మాట పంపాను. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. "ఈ మెసేజీ అందిందా?" ముందుగా పత్తికొండ నుంచి జవాబొచ్చింది. నిమిషం కూడా పట్టలేదు.

"అందింది. పత్తికొండలో ఆకాశం మోడం పట్టిండాది, వాన లేదు. గోడౌన్లో వేరుశనగ నూట నలభై బస్తాలు. ఎలుకలు రెండు. వాటిని యాడ ఎక్కించాలో సాఫ్ట్‌వేర్‌లో కనపల్లేదు."

నేను రెండుసార్లు చదివాను. తర్వాత సూపరింటెండెంటును పిలిచి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది వాడు గాదు. ఎవరో పక్కన కూచోని కొడ్తాండారు."

మేనేజరు కూడా అదే అన్నారు. అయినా ఆ రోజు నుంచి పత్తికొండకు చెప్పాల్సిన మాట నేను మెసేజీలో పెట్టడం మొదలైంది. సూపరింటెండెంటు నా కుర్చీ వెనక నిలబడి చెప్పేవారు. "నూరని అక్షరాల్లో కొట్టు. పక్కన అంకెల్లో గూడా కొట్టు." నేను రెండు రకాలుగానూ కొట్టేదాన్ని. అవతల నుంచి జవాబు వెంటనే వచ్చేది, సరుకు సరిగ్గా పోయేది. ఒకరోజు మేము డెబ్బై బస్తాలు కడపకు పంపమంటే, "కడపకు మొన్ననే అరవై పోయినాయి, వాళ్ళకాడ చోటు లేదని లారీ చీటీ మీద వాళ్ళే రాసినారు, ఒకసారి కనుక్కోండి" అని జవాబొచ్చింది. కనుక్కుంటే నిజమే. కడప వాళ్ళు ఆ ముక్క మాకు చెప్పలేదు. మాకు పువ్వు పంపారు.

సూపరింటెండెంటుకు అనుమానం ఇంకా పెరిగింది. ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, చెయ్యి తుడుచుకుంటూ నా వెనక నిలబడ్డారు.

"ఒకటి అడుగుమ్మా. పోయినేడు నేను ఆడికి పోయినప్పుడు ఇద్దరం ఏం తిన్యామో అడుగు. వాడు దప్ప ఇంకెవరికీ తెలీదు."

అడిగాను.

"బొరుగుల ఉగ్గాని, బజ్జీ. సారు బజ్జీలో మిరపకాయ తీసి పక్కన పెట్టి, ఉత్త పిండి తిన్యాడు" అని వచ్చింది.

ఆయన తన బల్ల దగ్గరకు పోయి కూర్చున్నారు. కాసేపటికి, "మిరపకాయ నాకు పడదు" అన్నారు, ఎవరూ అడగకుండానే.

నాలుగో వారం మేనేజరు నన్ను పత్తికొండకు పొమ్మన్నారు. వాడేవారిని వారి పనిచోటులో గమనించారా అని ఫారంలో ఒక ప్రశ్న ఉంది. గమనించకుండా మార్కులు వేస్తే బాగుండదని ఆయన అభిప్రాయం. పొద్దున బస్సెక్కాను. కోడుమూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఎర్రనేల, అక్కడక్కడా మొలకెత్తిన వేరుశనగ. పత్తికొండలో దిగేసరికి మార్కెట్ ముందు టమోటా పెట్టెల బండ్లు అడ్డం నిలిచి ఉన్నాయి. వాటి మధ్య నుంచి దారి చేసుకుని గోడౌన్‌కు చేరాను.

లోపల ఒకాయన నాకు వీపు పెట్టి నిలబడి బస్తాల మీద నంబర్లు రాస్తున్నాడు. "నమస్తే అండీ" అన్నాను. రాస్తూనే ఉన్నాడు. ఇంకోసారి గట్టిగా అన్నాను. రాస్తూనే ఉన్నాడు. ఇంతలో మూలన బల్ల మీద ఫోను మోగింది. ఆయన కదల్లేదు. ఆ ఫోను ఒక బోర్లించిన స్టీలు పళ్ళెం మీద ఉంది. పళ్ళెం అంచున నాలుగైదు ఆముదం గింజలు. ఫోను మోగినంతసేపూ ఆ గింజలు ఎగిరెగిరి పడ్డాయి. మోత ఆగిపోయాక అవీ ఆగాయి.

నేను ముందుకు నడిచాను. నా నీడ బస్తా మీద పడింది. ఆయన ఉలిక్కిపడి తిరిగి, నా కళ్ళకేసి కాకుండా నా నోటికేసి చూశాడు.

"కర్నూలు ఆఫీసు నుంచి వచ్చానండీ" అన్నాను.

"సరే మేడం" అన్నాడు.

ఆ ఫోనును, పళ్ళేన్ని, గింజల్ని ఇంకోసారి చూశాను. ఆయన కూడా నా చూపు ఎటు పోయిందో చూశాడు. ఇక దాచడానికి ఏమీ లేదని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆయన కుర్చీ లాగి వేశాడు. నేను ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని మెసేజీ పెట్టెలోనే కొట్టాను, పంపకుండా.

"ఎప్పటి నుంచి?"

ఆయన చదివి, నోటితోనే జవాబిచ్చాడు. గొంతు మామూలుగానే ఉంది.

"ఏడేండ్లు మేడం. జరమొచ్చింది. ఎడమ చెవి అప్పుడే పోయె. కుడిది మెల్లగా పోయింది. ఫోన్లో ఎవరో మాట్లాడ్తాండారని మాత్రం తెలుస్తాది. ఏం మాట్లాడ్తాండారో తెలీదు."

"మరి ఇన్నాళ్ళు ఎట్లా చేశారు?"

"వేసవి పోయినాక ఫోనొస్తే వేరుశనగ అనుకుంటా. దసరా అయినాక వస్తే శనగ. మర్నాడు బస్సులో కాగితం వస్తాది గదా, దాన్ని జూసి సరిజేసుకుంటా. కాగితం రాకుండా సరుకు పంపమన్నప్పుడే తప్పు జరిగేది. సారు గొంతు ఎంత పెద్దదైతే అంత కలిసిపోతాది మేడం. నూరూ, ఆరూ, మూడూ అన్నీ ఒకటే."

చెవి మిషను పెట్టుకోలేదా అని కొట్టాను. సొరుగు లాగి చూపించాడు. కొన్నాడు. పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదట. హమాలీలు చేతి సైగలతో చెప్తారు. ఇంట్లో భార్య పెదాలు చూసి తెలుసుకుంటాడు. ఇంత వేగంగా టైపు ఎట్లా వచ్చిందంటే, చిన్నప్పుడు ఆదోనిలో టైపు నేర్చుకుని లోయర్ పాసయ్యాడట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

చివరకు అసలు మాట కొట్టాను. "ఆఫీసులో చెప్పి ఉండొచ్చు కదా?"

ఆయన చెవి మిషను సొరుగును మూసేశాడు.

"ఈడ ముఖ్యమైన పని ఫోనెత్తేదే మేడం. చెవుడని చెప్తే ఫోనెత్తే ఇంకొకన్ని పెడ్తారు. తెలివి లేదంటే తిడతారు గాని పని తీసెయ్యరు. ఈ కంపెనీలో తెలివి లేదని ఎవర్నీ తీసేసింది నేను జూళ్ళేదు."

నేను కూడా చూడలేదు. అదే కొట్టాను. ఆయన నవ్వాడు. తర్వాత చేతులు జోడించి, "ఫారంలో రాయొద్దు మేడం" అన్నాడు. రాయనని కొట్టి, తర్వాత అంతా చెరిపేశాను.

మర్నాడు సూపరింటెండెంటు నాకంటే ముందే ఆఫీసుకు వచ్చి ఉన్నారు.

"ఎవరు కొడ్తాండారు?"

"ఆయనే సార్."

"మరి ఫోన్లో ఎందుకట్ల మాట్లాడతాడు?"

"ఫోన్లో సరిగా వినపడదట సార్."

"లైనా, చెవా?"

నేను ఫారంలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు. కిటికీ దగ్గరకు పోయారు. ఆ తర్వాత మాట్లాడినప్పుడు ఆయన గొంతు నేను ఎప్పుడూ విననంత చిన్నగా ఉంది.

"వాళ్ళ నాయన ఆస్పత్రిలో ఉన్యాడని తెలిసి, ఎట్లుండాది అని ఫోన్ జేసి అడిగినానమ్మా. ‘పంపిస్తా సార్’ అన్యాడు. నాకు మండుకొచ్చె. మంచికి అడిగితే ఇట్లంటాడేందని మూడు నెలలు సరుకు మాట దప్ప ఇంకో మాట మాట్లాడలే. ఆ ముసలాయన పోయినప్పుడు గూడా పోలే."

నీళ్ళు తెచ్చిస్తే తాగారు.

మధ్యాహ్నానికి ఆయన మామూలు మనిషయ్యారు. ఒక తెల్లకాగితం తీసుకుని మేనేజరుకు రాశారు. పత్తికొండ టెలిఫోను లైను సరిగా లేదు, మాట స్పష్టంగా వినపడటం లేదు, అందువల్ల ఆ గోడౌన్‌కు సంబంధించిన ఆదేశాలన్నీ ఇకపై రాతలోనే ఇవ్వాలి. మేనేజరు సంతకం పెట్టి, ఒక నకలు టెలిఫోను ఆఫీసుకు పంపారు. లైన్‌మాన్ పత్తికొండకు వెళ్ళి చూసి, లైను బ్రహ్మాండంగా ఉందని రాసిచ్చాడు. సూపరింటెండెంటు నెల తర్వాత మళ్ళీ ఫిర్యాదు రాశారు. మళ్ళీ లైన్‌మాన్ వెళ్ళాడు. మళ్ళీ బ్రహ్మాండంగా ఉంది. ఆయన మళ్ళీ రాశారు. ఇది ఏడాదిన్నర పాటు నడిచింది. ఆ లైన్‌మాన్‌కూ పత్తికొండ ఇన్‌ఛార్జికీ బాగా స్నేహం కుదిరిందని తర్వాత తెలిసింది.

ఆరు వారాలు అయిపోయాయి. నేను ఫారం నింపాను. కోడుమూరు ఆయన సంగతి పదకొండో ప్రశ్న కింద పెట్టాను. పెట్టె రంగుకు మూడు వేశాను. ఇరవై రెండో ప్రశ్న, ఈ సదుపాయం వల్ల ఎవరి పనైనా మెరుగుపడిందా, కారణమేమిటి అన్నది. అయిదుకు అయిదు వేసి, "పత్తికొండ గోడౌన్. అక్కడ ఫోను లైను సరిగా లేదు" అని రాశాను. అది నేను ఆఫీసు కాగితం మీద రాసిన మొదటి అబద్ధం. రాస్తున్నప్పుడు చేయి ఆగలేదు.

పది రోజులకు హెడ్డాఫీసు నుంచి ఒకాయన ఫోను చేశాడు. మిగతా మూడు ప్రాంతాల వాళ్ళూ తక్కువ మార్కులు వేశారని, ఎవరూ పెద్దగా వాడలేదని, అందుకే ఈ సదుపాయం తీసేస్తున్నామని చెప్పాడు.

"మాకు పత్తికొండలో చాలా ఉపయోగపడింది సార్" అన్నాను.

"చూశానమ్మా. దానికి సాఫ్ట్‌వేర్ ఎందుకు? ఫోను లైను బాగు చేయించుకోండి."

ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి లేదు. నేను రాసిన దాన్ని బట్టి అదే సరైన సలహా. నిజం రాసి ఉంటే ఏమయ్యేదోనని ఆ సాయంత్రమంతా ఆలోచించాను. సోమవారానికి తెర మూలన మెసేజీ పెట్టె లేదు.

రెండు రోజులు పత్తికొండకు కాగితాలు బస్సులో పంపాం. మూడో రోజు సూపరింటెండెంటు జేబులోంచి సెల్ తీసి నా ముందు పెట్టారు. ఆయన దాన్ని అప్పటివరకు ఫోను ఎత్తడానికి, పెట్టేయడానికి మాత్రమే వాడేవారు.

"ఏమ్మా, దీంట్లో మెసేజీ యాడుంటాది?"

చూపించాను. ఒక్కో అక్షరానికి మీట ఎన్నిసార్లు నొక్కాలో చెప్పాను. పత్తికొండ ఇన్‌ఛార్జి సెల్‌కు పెట్టిన మొదటి మెసేజీకి ఆయనకు ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో మూడుసార్లు మొత్తం చెరిగిపోయింది. మూడోసారి పోయినప్పుడు సెల్‌ను బల్ల మీద పెట్టి, దానికేసి చూస్తూ, "నేను ముప్పై ఏండ్ల సర్వీసు మనిషిని" అని దానికి చెప్పారు. మళ్ళీ మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి ఆయన నడుస్తూ కూడా కొట్టేవారు. ఆఫీసులో అరుపులు తగ్గాయి. ఏం జరిగిందని ఇన్సూరెన్సు ఆఫీసు వాళ్ళు ఒకసారి వచ్చి అడిగారు కూడా.

ఆయన రిటైరైన రోజు మా వరండాలోనే చిన్న సభ. శాలువా, దండ, మైసూరుపాకు. గోడౌన్ల నుంచి అందరూ వచ్చారు. ఆయన తన సర్వీసు గురించి అరగంట మాట్లాడారు. తర్వాత ఒక్కొక్కరినీ రెండు మాటలు చెప్పమన్నారు. పత్తికొండ ఇన్‌ఛార్జి వంతు వచ్చినప్పుడు నేను ఆయన మోచేయి తట్టి, లేవమని సైగ చేశాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"నాకు చెవులు ఇనపడవు" అన్నాడు. "శానా ఏండ్లాయె. సారుకు తెలుసు, మేడానికి తెలుసు. ఇప్పుడు సారు ఏం మాట్లాడినాడో నాకు తెలీదు. బాగానే మాట్లాడింటాడు."

కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియలేదు. సూపరింటెండెంటు వచ్చి తన మెడలోని దండ తీసి ఆయన మెడలో వేశారు. అప్పుడు కొట్టారు.

పత్తికొండ ఇన్‌ఛార్జి భయపడినంతా కాకపోయినా సగం జరిగింది. ఎవరు చెప్పారో, హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఫోనులో మాట్లాడలేని మనిషిని గోడౌన్ మీద ఉంచడం సబబా అని. మేనేజరు నన్ను పిలిచి ఆ ఏడాదిన్నర ఫిర్యాదుల ఫైలు తెమ్మన్నారు. అంతా తిరగేసి, జవాబు తనే చెప్పి నాతో టైపు చేయించారు. పత్తికొండ గోడౌన్‌లో టెలిఫోను ఎటూ సరిగా పనిచేయదని రికార్డుల వల్ల తెలుస్తోంది, కాబట్టి అక్కడ వినగలిగిన మనిషిని పెట్టినా ప్రయోజనం ఉండదు, ప్రస్తుత ఇన్‌ఛార్జి వల్ల గత మూడు సీజన్లలో ఒక్క తప్పూ జరగలేదు. సంతకం పెట్టి, పెన్ను మూత పెడుతూ, "మీరు ఆ ఫారంలో రాసింది అబద్ధమని నాకు తెలుసండీ" అన్నారు. ఆ ఉత్తరానికి తిరుగు జవాబు రాలేదు.

మరుసటి ఏడు నన్ను కడపకు బదిలీ చేశారు. వెళ్ళే ముందు సరుకు లెక్క చూడ్డానికి చివరిసారి పత్తికొండ వెళ్ళాను. మధ్యాహ్నం భోజనానికి ఆయన ఇంటికి తీసుకుపోయాడు. భార్య కొర్రన్నం, గోంగూర, ఉల్లిపాయ పెట్టింది. ఆయన ఎడమ చేత్తో సెల్‌లో ఎవరికో మెసేజీ కొడుతూ తింటున్నాడు. ఆమె గిన్నె పట్టుకుని నిలబడి నాతో అంది.

"అందరూ ఈయప్పకు మంచి జరిగిందంటారు మేడం. నిజమే, కాదన్ను. ముందర మాత్రం నేను మాట్లాడ్తాంటే నా మొగమే జూస్తాండె. పెదాలు జూడకుంటే తెలీదు గదా. ఇరవై ఏండ్ల కాపరంలో నన్ను అంత ఇదిగా జూసింది ఆ ఏడేండ్లే. ఇప్పుడు ఏమన్నా కావాలంటే దాంట్లో కొట్టమంటాడు."

ఆమె పెదాలు కదలడం ఆయన ఓరచూపుతో గమనించాడు.

"ఏమంటాండాది మేడం?"

నేను ఆయన సెల్ తీసుకుని, ఆమె అన్నది అన్నట్టే కొట్టి ఇచ్చాను. ఆయన చదివాడు. ఇంకోసారి చదివాడు. సెల్ బోర్లించి గోడ వైపు జరిపి, తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇంగోసారి చెప్పు" అన్నాడు.

ఆమె సిగ్గుపడింది.

"ఏం లేదు. మజ్జిగ పోసుకో."